రాజబిడ్డకు నేను కట్టిన సవరం

నేను మూర్ఖుణ్ణి. ముందే ఒప్పుకుంటే తర్వాత మీరు కనిపెట్టే శ్రమ తప్పుతుంది. అదీ మామూలు మూర్ఖుణ్ణి కాదు, చదువుకున్న మూర్ఖుణ్ణి. అంటే నా మూర్ఖత్వంలో అచ్చుతప్పులు ఉండవు.

హనుమకొండలో ఒక చిన్న ప్రచురణ సంస్థలో సంపాదకుడిగా పనిచేసి రిటైరయ్యాను. సంపాదకుడంటే బాగా సంపాదించేవాడని మా చుట్టాలు కొన్నాళ్ళు భ్రమపడ్డారు. వాళ్ళింటి పెళ్ళిళ్ళకు నేను చదివించింది చూశాక ఆ భ్రమ పోయింది. ఇప్పుడు పాత కథలను ఆడపిల్లల వైపు నుంచి తిరగరాస్తున్న చిన్నవాళ్ళు, ఆ కథలను దిద్దే ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేసి, సార్, ఏమైనా సలహా చెప్పండి అంటారు. నా దగ్గర సలహాలు లేవు. ఒక సిగ్గు ఉంది. అది చెబుతాను, పనికొస్తే వాడుకోండి.

మా యజమానిని అందరం సేటు అనేవాళ్ళం. బజారులో పలకలు, నోటుబుక్కులు అమ్మిన కుటుంబం. తర్వాత గైడ్లు వేశారు, ఆ తర్వాత బడి లైబ్రరీల కోసం పిల్లల కథల పుస్తకాల్లోకి దిగారు. సేటు దృష్టిలో పుస్తకం అంటే అట్ట. "అట్ట మీది పిల్ల తెల్లగుండాలె సారూ, లోపల మీ ఇష్టం" అనేవాడు. ఆ లోపలంతా నా రాజ్యం.

నా రాజ్యంలో ప్రతి రాకుమారికీ ఒకే పేరా ఉండేది. అతిశయోక్తి కాదు, నిజంగానే ఒకే పేరా. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రాసుకున్నాను: పున్నమి చంద్రుని వంటి మోము, తామరరేకుల వంటి కన్నులు, చిగురుటాకుల కన్నా మెత్తనైన అరచేతులు, హంసనడక, వగైరా. మా డీటీపీ ఆపరేటరమ్మ దాన్ని కంప్యూటర్లో ఒక మీటకు కట్టిపెట్టింది. కథలో రాకుమారి అడుగుపెట్టగానే, "సార్, వచ్చింది, కొట్టన్నా?" అని అడిగేది. "కొట్టమ్మా" అనేవాణ్ణి. టక్. ఎడారి దేశపు రాకుమారి అయినా, మంచుకొండల రాకుమారి అయినా మా ఆఫీసు గడప దాటగానే ఒకే ముఖం పెట్టుకునేది, ఆధార్ కార్డు ఫొటోలో మనమంతా ఒకే ముఖం పెట్టుకున్నట్టు. అది నా అలంకారం అనుకునేవాణ్ణి. అహంకారం అని తర్వాత తెలిసింది.

అట్లాంటి రోజుల్లో ఒక మేడం వచ్చింది. తొర్రూరు పక్క పల్లెలో పత్తి పండించే ఇంటి మనిషి. ములుగు దగ్గర ఆడపిల్లల హాస్టలున్న బడిలో టీచరు. సాయంత్రం పిల్లలకు చెప్పిన కథలు రాసి తెచ్చింది. అన్నీ మనం విన్న కథలే, కానీ ఎక్కడో ఒకచోట పక్కకు తిరుగుతాయి. ఆమె రాకుమారి అని రాయదు, రాజబిడ్డ అని రాస్తుంది. ఆమె కథలో సవతి తల్లి గయ్యాళి కాదు. నడుముకు కోట తాళాలు వేలాడేసుకుని, తను కూడా ఏనాడూ కోట దాటని మనిషి. పిల్ల గదికి తాళం వేసేటప్పుడు ఆమె చెయ్యి ఒక క్షణం ఆగుతుంది. అంతే, ఆ ఆగడం గురించి రచయిత్రి ఒక్క మాట వ్యాఖ్యానించదు.

పుస్తకానికి ప్రాణం కోట కథ. రాజు బిడ్డను ఎత్తైన గదిలో బంధించాడు. పాత కథలో అయితే రాజకుమారుడు గుర్రమెక్కి వస్తాడు. ఈమె ఇట్లా రాసింది:

"రాజబిడ్డ పరుపు కుట్లు విప్పింది. పత్తి తీసింది. ఏకింది, వడికింది, పేనింది. అరచేతులు బొబ్బలెక్కాయి. బొబ్బలు మానాయి. తాడు కిటికీ దాటి కిందికి దిగింది. తాడు వెంట ఆమె దిగింది."

కింద ఒక రాజకుమారుడు గుర్రాన్ని మేతకు వదిలి నిద్రపోతున్నాడు. రాజబిడ్డ అతన్ని లేపి, "అన్నా, ఊర్లకు తొవ్వ ఎటు?" అని అడిగింది. అతను దారి చూపించాడు. ఆమె తాడు చుట్టి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. కథ అయిపోయింది.

నాకైతే మొదలే కానట్టు అనిపించింది. వాక్యాలన్నీ పొట్టి పొట్టిగా, బస్సు కోసం పరుగెత్తుతున్నట్టు ఉన్నాయి. ఒక్క ఉపమానం లేదు. ఆమెను కూర్చోబెట్టి పెద్దరికంగా అడిగాను.

"అమ్మా, రాజబిడ్డ ఎట్లుంటుందో ఒక్క ముక్క కూడా రాయలేదు."

"ఎందుకు సార్?"

"చదివేవాళ్ళకు కనబడాలి గదా."

"ఏం జేత్తాందో కనబడతాంది గద సార్. తాడు పేనుతాంది. గా చేతులు సూత్తె మనిషి కనబడదా?"

నేను నవ్వాను. ఆ నవ్వును ఇప్పుడు తలచుకుంటే నా పళ్ళు నాకే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఆమె లేచేముందు ఒక్కటి అడిగింది.

"సార్, తప్పులుంటె దిద్దుండ్రి, నేనేం అనుకోను. తాడు మాత్రం ముట్టకుండ్రి. అది నేను రాసింది గాదు. రాజబిడ్డ ఎట్ల బయటపడాలె అని పిల్లల్ని అడిగితే, ఒక పిల్ల 'కోటల పరుపు ఉండదా మేడం, పరుపుల పత్తి ఉండదా' అన్నది. ఇగ అందరు కలిసి పేనిన్రు. పుస్తకంల వత్తదని చెప్పిన. రోజు అడుగుతాండ్రు."

"నాది పూచీ" అన్నాను. పూచికపుల్ల కూడా అంతకన్నా గట్టిగా ఉంటుంది.

మా దగ్గర ఒక అలవాటు ఉండేది. అలవాటు మాది కూడా కాదు, నాదే. రచయితకు ప్రూఫు పంపుతాం, వాళ్ళు చూసి సరే అంటారు. ఆ తర్వాత నేను "చివరి చెయ్యి" వేస్తాను. పెళ్ళికూతురును ఇంట్లో వాళ్ళంతా తయారుచేశాక పెద్దత్త వచ్చి బొట్టు పెద్దగా దిద్దినట్టు. రచయితలు అచ్చయిన పుస్తకం చూసుకుని, ఎందుకో తమ కథ తమకన్నా బాగా రాసినట్టుంది అనుకుని ఊరుకునేవాళ్ళు. కనీసం నేను అట్లా అనుకునేవాణ్ణి.

ఈ మేడం కూడా ప్రూఫు చూసి, థాంక్స్ సార్ అని పంపింది. నేను చివరి చెయ్యి వేయడానికి కూర్చున్నాను.

"రాజబిడ్డ వచ్చిన చోట ఆ పేరా కొట్టమ్మా" అన్నాను.

ఆపరేటరమ్మ వేలు మీట మీద ఆగింది. "సార్, మేడం వద్దన్నది గద."

"తాడు ముట్టొద్దంది. నేను తాడు ముట్టడం లేదు. ముఖం ఒక్కటే."

టక్.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు ముఖ్యంగా. పేరాలో అరచేతులు చిగురుటాకుల కన్నా మెత్తన అని ఉంది. తర్వాతి పేజీలో ఆ చేతులే తాడు పేని బొబ్బలెక్కాయి. అతకలేదు. నేను నిక్కచ్చి మనిషిని, పొంతన లేకపోతే నిద్ర పట్టదు. బొబ్బల వాక్యం తీసేశాను. బొబ్బలు లేకుండా తాడు పేనితే నమ్మశక్యంగా లేదు. అంత సుకుమారి పరుపు కుట్లు విప్పడమేమిటి? పేనడం తీసేశాను. మరి తాడు ఎక్కడి నుంచి రావాలి? కింద ఒకడు ఊరికే పడుకుని ఉన్నాడు గదా. వాణ్ణి లేపి, తాడు వాడితో విసిరించాను. అంత కష్టపడి తాడు విసిరినవాణ్ణి పట్టుకుని "అన్నా" అంటే బాగుంటుందా? "నాథా" అనిపించాను. నాథా అన్నాక ఇక ఒంటరిగా పంపలేం. పెళ్ళి చేసేశాను. పెళ్ళికి ఒక అడ్డు ఉండాలి గనక సవతి తల్లిని గయ్యాళిని చేశాను.

ఒక్క విశేషణానికి పొంతన కుదర్చబోయి పెళ్ళి ఖర్చు కూడా పెట్టుకున్నాను. ముఖం ఒక్కటే దిద్దాననుకున్నాను. నిజానికి చేతులు నరికాను. సవరణ అనుకుని సవరం కట్టాను. ఒత్తయిన సొంత జుట్టున్న పిల్లకు ఎవరి జుట్టో తెచ్చి జడలో ముడేసి, చూడు ఎంత అందంగా ఉందో అన్నాను.

అయితే ఆ రోజు నాకు సిగ్గు కలగలేదు. గర్వంగా ఉంది. అందుకే పుస్తకాలు అచ్చయ్యాక పోస్టులో పంపకుండా, కట్ట ఒళ్ళో పెట్టుకుని నేనే ములుగు బస్సెక్కాను. మేడం రమ్మంది. పిల్లలు "పుస్తకం చేసిన సార్" ను చూడాలట.

హాస్టలు పెద్ద గదిలో పిల్లలంతా నేల మీద కూర్చున్నారు. నాకు మాత్రం కుర్చీ వేశారు. మేడం పుస్తకం తెరిచి చూడకుండానే, పెద్ద గొంతున్న ఒక పిల్ల చేతిలో పెట్టి కోట కథ చదవమంది. ఆ నమ్మకం చూసి కూడా నాకు ఏమీ అనిపించలేదు, చూశారా.

పిల్ల మొదలుపెట్టింది. పున్నమి చంద్రుని వంటి మోము దగ్గర ఒకసారి, తామరరేకుల దగ్గర ఒకసారి తడబడింది. ముందు వరసలో గుసగుస మొదలైంది.

"ఎవలే గీమె?"

"చేతులు చిగురుటాకులట. మరి బట్టలెవలు పిండుతరు ఆమెకు?"

"ఊకోయె, రాజుల బిడ్డ గద."

"రాజుల బిడ్డయితే ఏంది? మన రాజబిడ్డ పేనింది గద."

మేడం ముఖంలో మార్పు మొదలైంది. చెయ్యెత్తి ఆపబోయింది, కానీ పిల్ల చదువుతూనే పోయింది. కిటికీ దగ్గర కూర్చుని కన్నీరు కార్చుట అయింది. గుర్రపు డెక్కల చప్పుడు అయింది. రాజకుమారుడు తాడు విసిరాడు. తర్వాత ఆ పిల్ల, పాపం, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు గట్టిగా చదివింది: "నాథా!"

గది పగిలిపోయేంత నవ్వు. ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. "మేడం, అన్న నాథ ఎట్లయిండు?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "వాడు నిద్ర లేసేసరికి లగ్గమైంది" అని ఇంకొకరు. నేను కూడా నవ్వుతున్నట్టు పెదవులు పెట్టాను. కుర్చీలో కూర్చున్నవాడు నవ్వకపోతే బాగుండదని.

ఒక్క పిల్ల నవ్వలేదు. సన్నగా, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. పరుపులో పత్తి ఉంటుందని చెప్పిన పిల్ల అదేనని నాకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. నవ్వులు తగ్గాక నన్నే అడిగింది.

"సార్, మా తాడేమైంది?"

మీరు నా స్థానంలో ఉంటే ఏమనేవారో నాకు తెలియదు. నేనేమన్నానో చెబుతాను. "అదీ... కంప్యూటర్లో పొరపాటమ్మా. మా ఆపరేటరమ్మ వేరే కథ ఇందులో కలిపేసింది" అన్నాను.

వద్దు సార్ అన్న ఒకే ఒక మనిషి మీద, ఆమె లేని చోట, అంత సులువుగా నెట్టేశాను. ఆ వాక్యం మాత్రం పొట్టిగా, సూటిగా, ఒక్క ఉపమానం లేకుండా వచ్చింది. జీవితంలో నేను రాసిన మంచి శైలి అదొక్కటే.

మేడం ఆ పిల్ల చేతిలోంచి పుస్తకం తీసుకుని మూసింది. "సార్ కు చాయ తెండ్రే" అంది. పిల్లలకు రాజబిడ్డ కథ మళ్ళీ తనే చెబుతానంది. గేటు దాకా సాగనంపడానికి వచ్చి, బస్సు కనబడ్డాక అడిగింది.

"సార్, కంప్యూటర్ కు నాథా అనుడు ఎట్లెరుక?"

బస్సెక్కాను. సీటు ఖాళీగా ఉన్నా చాలాసేపు నిలబడే ఉన్నాను. కూర్చునే అర్హత లేనట్టు.

మరునాడు ఆఫీసుకు వెళ్ళేసరికి ఆపరేటరమ్మకు అంతా తెలుసు. మేడం ఆమెకు ఫోన్ చేసి, "నీ తప్పు గాదని నాకెరుక, ఫికర్ చెయ్యకు" అని చెప్పిందట. ఆపరేటరమ్మ కంప్యూటర్ మీద నుంచి చూపు తీయకుండానే మాట్లాడింది.

"ఇన్నేండ్ల సంది మీ తప్పులు నేను దిద్దుతాన్న సార్. ఎన్నడన్న మీ పేరు బయట చెప్పిన్నా?"

క్షమాపణ అడిగాను. ఆమె టైపు చేస్తూనే ఉంది. "ఆ పేరా ఇక తీసెయ్యమ్మా" అన్నాను.

"పొద్దున రాంగనే తీసేసిన" అంది.

అదే రోజు మేడం నుంచి నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. "సార్, పుస్తకం మీద నా పేరు తీసేసి మీ పేరు పెట్టుకోండ్రి. కథ మీదే." కోపంగా రాసి ఉంటే బాగుండేది, నేనూ కోపం తెచ్చుకునేవాణ్ణి. ఒక్క ఎక్కువ మాట లేదు అందులో. ఆమె శైలి ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. అన్నీ తీసేశాక మిగిలింది ఎంత బరువుంటుందో.

సేటు దగ్గరికి వెళ్ళి, ఆ కథ పేజీలు చింపించి, ఆమె సరే అన్న ప్రూఫు ప్రకారం మళ్ళీ అచ్చేసి కుట్టిద్దామన్నాను. తప్పు నాదేనని కూడా చెప్పాను.

"తప్పు మీది, కాగితం నాదా?" అన్నాడు సేటు. న్యాయమే. "లగ్గమైంది గద సారూ కతల, ఇంకేం గావాలె? రాజబిడ్డ తాడు పట్టుకొని ఊర్ల పొంటి తిరిగితె ఎవలు కొంటరు?"

"మరి ఆమె పేరైనా తీసేద్దాం, ఆమె అడిగింది."

"పేరు తీత్తె అట్ట మార్చాలె. అట్ట మార్చుడా!" అన్నాడు, నేనేదో ప్రాణం తీయమన్నట్టు.

అట్లా ఆమె పేరుతో నా కథ బళ్ళకు పోయింది. కట్టలు కట్టేటప్పుడల్లా నేను బయటికి వెళ్ళి నిలబడేవాణ్ణి. ఏ ఊళ్ళోనో ఒక పిల్ల ఆ పుస్తకం తెరిచి, ఈ టీచరమ్మ ఎంత చక్కగా పెళ్ళి చేసిందో అనుకుంటుంది. ఎప్పుడైనా ములుగు పిల్లల చేతికి మళ్ళీ ఆ పుస్తకమే వస్తే, మా మేడమే మా తాడు అమ్ముకుందనుకుంటారు. ఆ ఆలోచన వచ్చిన రోజు నాకు అన్నం సహించేది కాదు. ఇంట్లో అడిగితే గ్యాస్ అని చెప్పేవాణ్ణి. అబద్ధాలు నాకు అప్పటికి బాగా అలవాటయ్యాయి.

నేను రిటైరయ్యే ముందు, బజారు వర్తకులంతా కలిసి సేటుకు సన్మానం తలపెట్టారు. సన్మాన సంచిక మా దగ్గరే అచ్చు. సేటు జీవితం రాసే పని నాది. "మీ చేతికి తిరుగులేదు సారూ, మంచిగ రాయిండ్రి" అన్నాడు. మంచిగానే రాశాను. ఎప్పటిలాగే చదవకుండా అచ్చుకు ఒప్పుకున్నాడు. అట్ట మీద ఫొటోలో తెల్లగా పడ్డాడా లేదా అని మాత్రం చూసుకున్నాడు.

సన్మానానికి ముందురోజు పొద్దున, సేటు భార్య కాపీ తెరిచి పైకి చదివిందట. చదువుతుంటే నవ్వు ఆగలేదట. కాసేపటికి భార్యాభర్తలిద్దరూ ఆఫీసులో ఉన్నారు.

"ఏంది సారూ గిది?" అని సేటు సంచిక బల్ల మీద పడేశాడు. "పసిడి మేనిఛాయ, సొట్టబుగ్గలు, నేల నొచ్చుకోకుంట నడుసుడు! గద్దె మీద కూసుంటె బజారుకు వెలుగట! దుకాణం నిలబెట్టింది నేను, మెషిన్ తెచ్చింది నేను, బస్సుల మీద ఊరూరు తిరిగి పుస్తకాలమ్మింది నేను. నేనేం జేసిన్నో ఒక్క ముక్కన్న ఉన్నదా దీంట్లె?"

నిజమే, లేదు. ఆ వ్యాసంలో సేటు పుట్టారు, పెరిగారు, వెలిగారు. దుకాణం దానంతటదే తెరుచుకుంది. పుస్తకాలు వాటంతటవే అచ్చయ్యాయి. ఆయన కిటికీ పక్కన కూర్చుని ఎవరో వస్తారన్నట్టు రోడ్డు వైపు చూస్తూ ఉన్నారు.

"ఏం తప్పు రాసిండు సారు?" అంది ఆయన భార్య. "పొద్దుందాక గద్దె మీద కూసునుడే గద."

"నువ్వు జర ఊకో" అన్నాడు సేటు. "సారూ, మొత్తం మార్చాలె. రేపే ఫంక్షన్. అందరి ముంగట చదువుతరు. నా ఇజ్జత్ ఏం గావాలె?"

"మార్చుదాం సేటు. మీరు చేసినవన్నీ రాసే పెట్టాను." జేబులోంచి తీసి చూపించాను. "కాకపోతే మెషిన్ ఎక్కించేటప్పుడు ఆ మేడం కథ కూడా ఎక్కుతుంది. ఆమె ఎట్లా రాస్తే అట్లా. మిగిలిన కాపీలన్నిటికీ."

ఆయన నా చేతిలోని కాగితాన్ని చూశాడు, నన్ను చూశాడు. "బ్లాక్ మెయిలా సారూ?"

"బుక్ పోస్ట్ సేటు."

ఆయన భార్య మళ్ళీ నవ్వింది. ఆపరేటరమ్మ కూడా, చాలా రోజుల తర్వాత, కంప్యూటర్ వెనక నుంచి. ఆ నవ్వులకు సేటు ఓడిపోయాడు.

మేడంకు పాత ప్రూఫే మళ్ళీ ఫోనులో పంపాను. కింద ఒక్క మాట రాశాను: దీని తర్వాత ఎవరి చెయ్యీ పడదు. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. "పేరు ఉండనియ్యిండ్రి." అంతే. క్షమించానని లేదు, ఆమె క్షమించాలని నేను అడగనూ లేదు. బళ్ళకు చేరిపోయిన పాత కాపీలు ఇప్పటికీ ఎక్కడో ఉన్నాయి. వాటికి నేను చేయగలిగింది లేదు.

సాయంత్రం మెషిన్ దగ్గర పనివాడు, ముందు ఏది ఎక్కించాలె సార్ అని అడిగాడు.

"మేడం కథ" అన్నాను. "సేటు జీవితం, కాగితం మిగిలితే."

సేటుకు ఇంటికి పోవడానికి ధైర్యం చాలలేదు. తనది ఎక్కేదాకా మెషిన్ పక్కనే నిలబడ్డాడు. కాగితాలు ఒక్కొక్కటే వచ్చి పడుతుంటే వేరే పని లేక ఒకటి తీసి చదవడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళలో ఆయన అట్ట దాటి లోపలికి రావడం నేను చూడలేదు. పెదవులు కదుపుతూ, వేలు పెట్టి, చివరిదాకా చదివాడు.

"ఏం సారూ, ఆమె తాడు ఆమెనే పేనుకొని దిగి పోతదా?"

"పోతది."

"మరి రాజకుమారుడు ఏం జేత్తడు?"

"తొవ్వ చూపిస్తడు సేటు."

"గంతేనా?"

"గంతే. మీరు జర పక్కకు జరుగుండ్రి, ఆమెవి ఇంకా పేజీలున్నయి."

సేటు జరిగాడు.